బ్యాకప్ ఉంది సరే, బూట్ అవుతుందా?

2017 జూన్ 27న డెన్మార్క్ నౌకా రవాణా సంస్థ మెర్స్క్ కంప్యూటర్లు ప్రపంచమంతటా వరసపెట్టి ఆగిపోయాయి. ఉక్రెయిన్‌లో వాడే ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ద్వారా జొరబడిన నాట్‌పెట్యా వైరస్ పని అది. న్యూజెర్సీ రేవు దగ్గర గేట్లు తెరుచుకోక కంటైనర్ లారీలు బారులు తీరాయి.

మరి బ్యాకప్ లేదా? ఉంది. చాలా సర్వర్లకు మూడు నుంచి ఏడు రోజుల కిందటి నకళ్లు దొరికాయి. దొరకనిది డొమైన్ కంట్రోలర్. ఏ ఉద్యోగి ఏ యంత్రంలోకి లాగిన్ కావచ్చో తేల్చేది అదే. అది లేకపోతే మిగతా సర్వర్లు వచ్చినా ఉపయోగం లేదు. అలాంటివి దాదాపు 150 ఉండేవి. ఒకటి పోయినా మరొకటి ఉంటుందన్న ధీమాతో వాటికి విడిగా బ్యాకప్ ఉంచుకోలేదు. వైరస్ అన్నిటినీ ఒకేసారి తుడిచేసింది. ఘనాలో ఒక్కటి మిగిలింది, అదీ ఆ సమయానికి అక్కడ కరెంటు పోయింది కాబట్టి! మరమ్మతు పని సాగుతున్న బ్రిటన్‌కు ఆ డేటాను నెట్‌లో పంపాలంటే రోజులు పడతాయి, ఘనా ఉద్యోగులకేమో బ్రిటన్ వీసా లేదు. దాంతో ఆ సర్వర్ డిస్కును నైజీరియాలోని ఓ విమానాశ్రయందాకా తెచ్చి, లండన్ వెళ్లే మరో ఉద్యోగి చేతిలో పెట్టారు. పది రోజుల్లో 4,000 సర్వర్లనూ 45,000 కంప్యూటర్లనూ మళ్లీ సిద్ధం చేశామని సంస్థ అధ్యక్షుడు తరవాత దావోస్‌లో చెప్పారు. ఆ శ్రమకు దండం పెట్టాల్సిందే. కానీ అంత పెద్ద సంస్థ ఒక కరెంటు కోత పుణ్యాన గట్టెక్కిందంటే నాకు భయమేస్తుంది.

అదే ఏడాది జనవరి 31న, సాఫ్ట్‌వేర్ కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఓ ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్ ఏర్పాట్లు అయిదున్నా ఏదీ సరిగా పనిచేయలేదు. బ్యాకప్ విఫలమైందని చెప్పే మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన నకలు కాపాడింది.

మన ఊళ్లో ఆడిటర్ ఆఫీసయినా, డయాగ్నస్టిక్ సెంటరయినా ఎక్సెల్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బ్యాకప్ అయిందనుకుంటాయి. డిస్కు పోయిన రోజు ఆ ఫైళ్లు ఉంటాయి గానీ వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్ ఉండదు, దాని లైసెన్స్ కీ దొరకదు, వేసి ఇచ్చిన కుర్రాడు ఎప్పుడో ఉద్యోగం మానేసి ఉంటాడు. రిపోర్టు కోసం వచ్చిన రోగి మాత్రం కౌంటర్ దగ్గర నిలబడే ఉంటాడు. దాచాల్సింది విండోస్, సెట్టింగులు, ప్రోగ్రాములతో సహా డిస్కు మొత్తాన్ని. దీన్నే ఇమేజ్ అంటారు. క్లోనెజిల్లా అనే సాఫ్ట్‌వేర్‌తో ఉచితంగానే తీసుకోవచ్చు.

ఈ ఆదివారం ఆ పని పెట్టుకోండి. ఇమేజ్ తీశాక ఎక్స్‌టర్నల్ డిస్కు కేబుల్ ఊడదీసి వేరేచోట పెట్టండి. తగిలించి వదిలేస్తే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు దాన్నీ లాక్ చేస్తుంది. డిస్కుకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ వాడుతుంటే రికవరీ కీని కాగితంమీద రాసి ఉంచండి. ఆ తరవాత ఇమేజ్‌ను ఓ ఖాళీ డిస్కులోకి ఎక్కించి కంప్యూటర్ ఆన్ చేయండి. విండోస్ వచ్చి, మీ సాఫ్ట్‌వేర్ తెరుచుకుని, నిన్నటి బిల్లు కనిపించేదాకా బ్యాకప్ ఉందని ఎవరికీ చెప్పకండి.