చప్పుడు చేయని శత్రువు



మన వన్ టౌన్ ప్రక్కనున్న విశాఖ హార్బరు మీదికి ఇద్దరు శత్రువులు వచ్చిరి. మొదటి శత్రువు 1942 ఏప్రిల్ 6న వచ్చెను. జపాను విమానములు బాంబులు వేయగా ఆ చప్పుడుకు ఊరు అదిరెను. అనేకులు ఇండ్లు విడిచి పల్లెలకు పారిపోయిరి.

రెండవ శత్రువు ఇసుక. అలలు ఏటేటా దక్షిణమునుండి ఇసుకను మోసికొని వచ్చి ఓడలు నడచు దారిలో పోయుచున్నవి. 1933లో తెరువబడిన ఈ హార్బరును కట్టినవారు ఈ శత్రువును ఎరిగినవారే. జానస్, వెల్లెస్డన్ అను రెండు పాత ఓడలను ద్వారమునొద్ద ముంచి అడ్డుకట్ట చేసిరి. అయినను పని ముగియలేదు. నేటికిని డ్రెడ్జర్లు ఇసుకను తోడుచునే యున్నవి. తోడుట మానినచో ఒక్క బాంబైనను పడకుండానే రేవు పూడిపోవును. చెరువు పూడిక సంగతి ఎరిగిన పల్లె సహోదరులకు దీనిని వివరింపనక్కరలేదు.

విశ్వాసి పోరాటమును ఇట్టిదే. బిడ్డకు జబ్బు చేసినను, పంట పోయినను మనము మేలుకొని ఉపవాసముతో ప్రార్థింతుము. అయితే గృహములను దర్శించునప్పుడు మేము చూచుచున్నది వేరు. అలసట వలన ఒక రాత్రి కుటుంబ ప్రార్థన మానిరి. నెల తిరుగకమునుపే బైబిలు గూటిలో దుమ్ము పట్టెను. పొలము గట్టు తగవుతో అన్నదమ్ములు మాటలు మానిరి. అయినను ఇద్దరును ఒకే ప్రభువు బల్లయొద్దకు వచ్చుచున్నారు. పండుగనాడు ఒక్కసారే అని త్రాగినవాడు నేడు భార్య కూలి డబ్బుకు చేయి చాపుచున్నాడు. ఏ దినమున పడిపోయితిరని అడిగినచో ఎవరును చెప్పలేరు.

ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయములో పౌలు మన పోరాటము మనుష్యులతో కాదని స్పష్టముగా వ్రాసెను. కనుక గట్టు అవతలనున్న అన్న మన శత్రువు కాడు. అన్నదమ్ముల నడుమ పగను పేర్చువాడే శత్రువు. వానిని ఎదిరించుటకు మనకియ్యబడిన ఖడ్గము దేవుని వాక్యము.

ఆ వాక్యము తెలుగులోనికి వచ్చుటకు ఈ పట్టణములోనే ఎంత ప్రయాసము జరిగెనో తలంచుడి. లండన్ మిషనరీలైన జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ 1805లో ఇక్కడికి వచ్చి మన భాష నేర్చిరి. బ్రాహ్మణ కుటుంబమునుండి క్రీస్తును నమ్మిన ఆనందరాయరు వారికి తోడ్పడెను. మాట వెంట మాట సరిచూచుచు సువార్తలను తెనిగించిరి. 1809లో క్రాన్, 1810లో డి గ్రాంజెస్ మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చుపడెను. ఆ పుస్తకమును వారిద్దరును చూడనే లేదు. అట్లు మన చేతికి వచ్చిన ఖడ్గము గూటిలో ఉండదగునా?

ప్రియులారా, ఈ రాత్రి భోజనమైన తరువాత పిల్లలను కూర్చుండబెట్టి ఒక్క అధ్యాయమైనను చదువుడి. రాబోవు ప్రభువు బల్లకు ముందే సహోదరుని గడప తొక్కుడి. త్రాగుడుతో పోరాడుచున్నవారు ఒంటరిగా పోరాడక సంఘ పెద్దతో చెప్పి ప్రార్థన సహాయము కోరుడి. రేపును ఇసుక వచ్చును, రేపును తోడవలెను. అయినను భయపడకుడి. సిలువలో జయించిన మన ప్రభువు మనతోకూడ నున్నాడు.

ఆయన మీ గృహములను కాపాడును గాక. ఆమేన్.