చూసినవాడికి అంతా తేలికే

లేతు పనివాళ్లకు ఇన్సర్ట్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. చిన్న కార్బైడ్ ముక్క. హోల్డర్‌కు స్క్రూతో బిగిస్తారు, ఒక మూల అరిగితే తిప్పి రెండో మూల వాడతారు. లోపల టంగ్‌స్టన్ కార్బైడ్ రేణువులు, వాటిని పట్టి ఉంచే కోబాల్ట్, పైన పలచటి పూత. అందులో ఎంత మారిస్తే ఇరవై ఏళ్ల గుత్తహక్కు ఇవ్వాలి?

2015లో కెన్నామెటల్, ఇంగర్‌సాల్ కంపెనీల వ్యాజ్యంలో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తేల్చింది ఇదే. కెన్నామెటల్ పేటెంటు సారం: బైండర్‌లో (రేణువులను పట్టి ఉంచే లోహంలో) రుథేనియం, పైన పీవీడీ (ఆవిరి రూపంలో పట్టించే) పూత. అంతకుముందే ఉన్న ఒక పేటెంటులో బైండర్‌కు పనికొచ్చే లోహాలు ఐదు చెప్పారు, రుథేనియం వాటిలో ఒకటి. పూత పద్ధతులు మూడు, పీవీడీ వాటిలో ఒకటి. ఈ రెంటినీ కలిపి చేసి చూపిన ఉదాహరణ మాత్రం లేదు. అయినా ఆ పదిహేను జోడింపులూ చదివిన నిపుణుడికి తోచేవేనని కోర్టు అంది. క్లెయిములు చెల్లలేదు.

తీర్పు సరైనదే. పనికొస్తాయని ఎవరో ముందే రాసిపెట్టిన వాటిలోంచి ఒకటి ఏరుకోవడం ఆవిష్కరణ కాదు. అయితే పదిహేను అనే అంకెను కొలబద్దగా పట్టుకుంటే ప్రమాదం. జాబితా చిన్నదే అయినా, అందులో ఒక జోడింపు ఎవరూ ఊహించని ఫలితం ఇచ్చిందని రుజువైతే దాన్ని వేరుగా తూచాలి.

మన సుప్రీంకోర్టు 1978లోనే ఇలాంటి చిక్కు విప్పింది. మీర్జాపూర్‌లో పాత్రలను లేతు మీద తిప్పి చెక్కేటప్పుడు అవి ఎగిరిపడి పనివాళ్లకు దెబ్బలు తగిలే ప్రమాదం ఉండేది. వాటిని టెయిల్‌స్టాక్‌తో నొక్కిపట్టే ఏర్పాటుకు ఒక సంస్థ పేటెంటు తీసుకుంది. మేలు జరిగింది నిజమే, కానీ అది వర్క్‌షాపు స్థాయి మెరుగుదలే అంటూ జస్టిస్ సర్కారియా ధర్మాసనం పేటెంటును కొట్టేసింది. జవాబు ఇంకా చూడని సమర్థుడైన పనివాడికి ఇది తట్టేదా అన్నదే ఆ తీర్పులోని గీటురాయి.

‘ఇంకా చూడని’ అన్నచోటే అసలు కష్టం. పేటెంటు ఎగ్జామినర్ బల్ల మీద జవాబు ముందే ఉంటుంది. అది చూశాక ఏదైనా తేలికగానే తోస్తుంది. అందుకే ‘తెలిసిందే’ అని ఒక్క ముక్కలో తోసేస్తే ఒప్పుకోకూడదు. ఏ పాత పత్రం, అందులో ఏ వాక్యం, వాటిని కలపాలని ఎందుకు తోస్తుంది, ఇవన్నీ ఉత్తర్వులో కనిపించాలి.

రెండో వైపు కూడా నాకు అంతే ముఖ్యం. పనివాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన కిటుకుకు ఎవరో పేటెంటు రాయించుకుంటే హైదరాబాద్ బాలానగర్‌లోని చిన్న షెడ్డు చేతులు కట్టేసినట్టే. మంజూరుకు ముందు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చని మన పేటెంటు చట్టంలో 25(1) సెక్షన్ అంటోంది. దరఖాస్తు తేదీకి ముందు అచ్చయిన టూల్ క్యాటలాగ్ ఆధారంగా పనికొస్తుంది. చిన్న పరిశ్రమల సంఘాలు ఆ పాత క్యాటలాగ్‌లను తూకానికి అమ్మకుండా దాచాలి.