జీర్ణశకటోద్ధరణము

అమెరికాలోని డెట్రాయిటు నగరమునుండి పాంటియాకు పట్టణమునకు పోవు వుడ్‌వర్డు రాజమార్గముపై 1995 మొదలు ఆగష్టుమాసమున నొక జాతర జరుగుచున్నది. దానికి దేవుడు లేడు, రథము లేదు. పాత మోటారుకార్లే యుత్సవమూర్తులు. అరువదియేండ్ల క్రిందట ఆ మార్గముననే రాత్రివేళల యువకులు పందెములు వైచి తోలిన జాతిబండ్లు నేడు క్రొత్తరంగుల మెఱుగులతో నెమ్మదిగ సాగిపోవుచుండగా, జనులు దారికిరుప్రక్కల కుర్చీలు వైచికొని చూతురు. ఆ బండ్లలో ననేకములు పైకి మాత్రమే పాతవి. మూతయెత్తి చూచిన లోపలనున్నది నేటి యంత్రము. ఇట్లు చేయుట జీర్ణోద్ధరణమా, అపచారమా యని ఆ దేశపు మోటారు రసికులలో చిరకాలముగ వివాదము సాగుచున్నది. మా యభిప్రాయమును గూడ చెప్పదలచితిమి. వివాదమంతయు యంత్రము చుట్టును తిరుగుచున్నది. ప్రాణములు మాత్రము బ్రేకులపై నాధారపడియున్నవి.

ఈ జాతిబండ్లను అమెరికావారు మజిల్‌కార్లందురు. కండబలముగల బండ్లని యర్థము. నడితరపు కుటుంబపుకారులో పెద్దకారునకు దగిన యంత్రమును దించి, సామాన్యుడు కొనగల వెలకు అమ్ముటయే దీని మర్మము. 1964వ సంవత్సరపు టెంపెస్టు కారులో పాంటియాకు కంపెనీవారు 389 ఘనపుటంగుళముల, ఎనిమిది సిలిండర్ల యంత్రమును నిలిపి జీ.టీ.ఓ. యను పేర విక్రయించిరి. అంతటి కారులో 330 ఘనపుటంగుళములకు మించిన యంత్రము కూడదని మాతృసంస్థయగు జనరల్ మోటార్సువారి శాసనము. పాంటియాకువారు దానిని క్రొత్తకారుగా గాక, కోరినవారికిచ్చు అదనపు సరంజామాగా జాబితాలో చేర్చి శాసనమును దాటిరి. మన ప్లీడర్లును మెచ్చుకొనదగిన యుక్తి యిది. 1964 ఏప్రిలు 17వ తేదీన ఫోర్డువారి ముస్టాంగు వెలువడినది. పిమ్మట కమారో, చార్జరు మున్నగునవి వచ్చినవి. 1970లో షెవెల్ కారు 450 గుఱ్ఱముల బలము గలదని ప్రకటింపబడెను. ఆ వైభవము పదియేండ్లయినను నిలువలేదు. బీమాకంపెనీలు రుసుము పెంచినవి. 1970 నాటి వాయుశుద్ధి శాసనము పొగకు కళ్లెము వేసినది. 1973లో అరబ్బు దేశములు చమురు బిగబట్టినవి.

ఆ 450 గుఱ్ఱములలో కొన్ని కాగితపు గుఱ్ఱములే యని చెప్పక తప్పదు. ఆనాడు గాలిజల్లెడ, పొగగొట్టపు సరంజామా మున్నగునవి తొలగించి, యంత్రమును బల్లపై నిలిపి బలమును కొలిచెడివారు. 1972 నుండి సర్వము తగిలించి కొలుచు పద్ధతి వచ్చినది. కావున 1997లో కొర్వెట్టు కారుతో వచ్చిన ఎల్.ఎస్. 1 యంత్రము 345 గుఱ్ఱములదే యనగా ఆనాటివానికి తీసిపోయినదని తలపరాదు. అది అల్యూమినియముతో పోతపోసినది. కార్బ్యురేటరు లేక కంప్యూటరు కొలత ప్రకారము పెట్రోలు చిమ్మును. ఆ వంశపు యంత్రములను నేడు పెట్టెలో పెట్టి అమ్ముచున్నారు. ధనమున్నవాడు కొని తెచ్చి పాతదేహములో నిలుపుట సులభమైనది. సులభమగుటయే చిక్కు.

ఏలయనగా, ఆ పాతదేహము ఎట్టిదో విచారింపుడు. 1964 నాటి జీ.టీ.ఓ. బరువు సుమారు 3,500 పౌండ్లు. దానిని నిలుపవలసినవి నాల్గు చక్రములలోను తొమ్మిదిన్నర అంగుళముల డ్రమ్ముబ్రేకులు. బ్రేకు త్రొక్కినప్పుడు లోపలి షూలు డ్రమ్మునకు ఒరసికొనును. ఒరసికొన్నకొలది డ్రమ్ము వేడెక్కి విస్తరించి షూలకు దూరమగును. వడిగా పోవుచు రెండుమూడు మాఱులు త్రొక్కినచో నాల్గవమాఱు కాలిక్రింద మెత్తదనము తప్ప మఱేమియు నుండదు. నేటి డిస్కుబ్రేకు బయటిగాలికి చల్లబడుచుండుటచే ఈ బాధ మిక్కిలి తక్కువ. ఆనాటి స్టీరింగుకడ్డీ ఏకాండమైన యినుము. బండి యెదురుగ దేనికైన తగిలినచో తోలువాని రొమ్ములోనికి బల్లెమువలె వచ్చును. ఒత్తిడికి క్రుంగు కడ్డీలను, ముందుసీట్లకు భుజపుపట్టీలను అమెరికా ప్రభుత్వము 1968 జనవరి 1వ తేదీనుండియే విధించినది. తొలి ముస్టాంగులలో పెట్రోలుటాంకి పైభాగమే డిక్కీకి నేల! వెనుకనుండి గ్రుద్దుకొన్నచో పెట్రోలు లోనికే చిమ్మును. ఇట్టి బండిలో క్రొత్తయంత్రము పెట్టి బ్రేకులు మార్చనివాడు శిల్పి గాడు, సాహసికుడును గాడు.

ముస్టాంగునకు వేఱుగ చట్రము లేదు, రేకుదేహమే చట్రము. ఆ దేహమున మొదట నిలిపిన యంత్రములలో అల్పమైనది 101 గుఱ్ఱముల ఆఱు సిలిండర్లది. దానికి నాల్గురెట్ల బలము తగిలించినచో దేహము మెలితిరిగి, తలుపులు సరిగ పడవు. అందువలన నెఱిగిన మేస్త్రీలు ముందువెనుకల దూలములను ఉక్కుకడ్డీలతో కలిపి వెల్డింగు చేయుదురు. అంతకుముందే తుప్పు సంగతి చూతురు. మిచిగన్ ప్రాంతమున శీతకాలమందు మంచు కరుగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. అచ్చటి బండ్లకు అడుగురేకు మిగులుట యరుదు. అందుచే అరిజోనా యెడారిలో ఎండిన దేహములకు గిరాకి. రంగు చూచి మోసపోవలదని తెలిసినవారు జేబులో అయస్కాంతము పెట్టుకొని పోవుదురు. అది యంటుకొననిచోట రేకు లేదు, లప్పమున్నది. నేటి అమెరికా పెట్రోలులో సామాన్యముగ కలియు నూటికి పదిపాళ్ల ఇథనాలునకు పాత రబ్బరుగొట్టములు మెత్తబడి చీలును. వానిని ముందే మార్చవలెను. ఈ పనులేవియు జాతరలో కంటికి కనబడవు. కనుకనే ధనము చాలనప్పుడు మొదట కోతపడునవి యివియే.

ఇక పూర్వపక్షులు చెప్పునది కొట్టివేయదగినది గాదు. రథమనగా ఇరుసా, చక్రమా, నొగలా యని నాగసేనుడు మిలిందరాజును అడిగిన ప్రశ్న డెట్రాయిటులో నేటికిని తెగలేదు. 1967 నాటి కమారో దేహమును గూడ నూతనముగ రేకునుండి అచ్చొత్తి అమ్ముచున్న దినములివి. బుల్లిట్ అను 1968 నాటి చలనచిత్రమునందు నటించిన ముస్టాంగును ఒక కుటుంబమువారు 1974లో 6,000 డాలర్లకు కొనిరి. రంగు వెలసి, గీతలుపడి, మెఱుగుపెట్టని స్థితిలోనే అది 2020 జనవరిలో ఫ్లారిడా వేలమున 34 లక్షల డాలర్ల పాటకు పోయినది. అట్టిదానిపై సానకాగితము పెట్టుట శాసనశిలను నూఱుటయే. చరిత్రగలదానిని, పుట్టునాటి యంత్రము చెడకయున్నదానిని ముట్టరాదనియే మేమును చెప్పుదుము. యంత్రము పోయి, పత్రములు పోయి, కొట్టము వెనుక గడ్డిలో పడియున్న ఆఱు సిలిండర్ల బండికి మాత్రము ఆ మర్యాద యెందులకు? దానిని తుక్కుకు వేయుటకంటె క్రొత్తప్రాణము పోసి తిరుగనిచ్చుట మేలు.

అయితే అట్లు చేసినదానిని అట్లు చేసినదిగనే చెప్పి యమ్మవలెను. ఇచ్చట పాంటియాకువారి యాయుక్తి నేటికి పగ తీర్చుకొనుచున్నది. జీ.టీ.ఓ. అదనపు సరంజామాయే కాబట్టి 1964, 1965 సంవత్సరముల బండ్లపై చెక్కిన సంఖ్య అది జీ.టీ.ఓ. యగునో కాదో చెప్పదు. 1966లో ప్రత్యేకశ్రేణి యైన తరువాతనే చెప్పును. అందుచే సామాన్యమైన లెమాన్సు కారునకు బిళ్లలు అతికించి జీ.టీ.ఓ. యని యంటగట్టువారికి అవకాశమేర్పడినది. కొనువాడు కంపెనీ దస్తరపు నకలు అడుగవలెను. నడవడానికి చేసిన మార్పులను మేము సమర్థింతుము. బిళ్ల మార్చుటను సమర్థింపము.

ఈ ముచ్చటలు చూచి మన పట్టణములలోను కొందఱు అంబాసిడరులకు, కాంటెస్సాలకు పరాయి యంత్రములు తగిలింపనుద్యోగించుచున్నారు. తయారీదారు నిర్దేశించిన రూపమునకు విరుద్ధముగ మార్చిన వాహనమును రిజిస్టరు చేయరాదని 2019 జనవరిలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 2021లో కేంద్రప్రభుత్వము సవరించిన నిబంధనల ప్రకారము, 50 ఏండ్లు నిండి, చట్రమునందును దేహమునందును యంత్రమునందును పెద్దమార్పులు లేనిదానికే వింటేజి గుర్తింపు. అట్టి యుత్సాహముగలవారు పుట్టునాటి యంత్రమును తుక్కువాని తూకమునకు వేయకముందే రవాణాకార్యాలయమునకు పోయి, వ్రాతమూలకముగ అనుమతి యడుగుట మంచిది. అనుమతి లభించినను, విప్పిన ప్రతిభాగమునకు నూనె పట్టించి, చీటి కట్టి, అటుకపై భద్రపఱచుకొనవలెను.