సేవ్ బటన్ ఎవరి బిడ్డ?

ఆఫీసులకు, సొసైటీలకు, చిన్నాచితకా ఫైనాన్స్ కంపెనీలకు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ చేసి అమ్మేవాళ్లతో నాకో పేచీ ఉంది. తెర మీద కనబడేదాన్ని ముచ్చటగా తయారు చేస్తారు. తెర వెనకున్నదాన్ని గాలికొదిలేస్తారు.

మాది పెద్దవూర. ఉద్యోగం హైదరాబాద్‌లో, టెస్టింగ్‌లో. సాఫ్ట్‌వేర్‌ను మనిషికి బదులు స్క్రిప్టుతో నడిపించి, ఎక్కడ తప్పుతోందో పట్టుకోవడం నా పని. స్క్రిప్టుకు కళ్లుండవు. ఆకుపచ్చ బటన్ కుడివైపు మూలన ఉందంటే దానికేం అర్థం కాదు. అది యూఐ ట్రీని, అంటే తెర మీది భాగాల వంశవృక్షాన్ని పట్టుకుని నడుస్తుంది. విండోస్‌లో ఆ చెట్టుకు వేరు డెస్క్‌టాప్. దాని పిల్లలు మనం తెరిచిన విండోలు. విండో కింద ప్యానెళ్లు, వాటి కింద గ్రూపులు, ఆ కింద గడులూ బటన్లూ. ప్రతిదానికీ ఒక పేరెంట్ ఉంటుంది. పేరు, రకం, ఐడీ కూడా ఉండాలి. ఉండాలి అన్నాను, ఉంటాయని అనలేదు.

వెతకడంలోనూ ఓ పద్ధతుంది. కొత్తగా చేరినవాళ్లు తిన్నగా డెస్క్‌టాప్ దగ్గర నిలబడి, ‘సేవ్ అనే బటన్ ఎక్కడున్నా పట్టుకురా’ అని అన్ని తరాల మీదా వెతుకులాట పెడతారు. వేల ఎలిమెంట్లు తిరగాల్సి వస్తుంది, అలా చేయొద్దని మైక్రోసాఫ్ట్ తన డాక్యుమెంట్లలోనే హెచ్చరించింది. డెస్క్‌టాప్ దగ్గర దాని సొంత పిల్లల్ని మాత్రమే అడగాలి. మన విండో దొరికాక అందులోకి దిగాలి. మా వైపు రైతుకు ఇది చెప్పక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువ నుంచి మేజరు, మేజరు నుంచి మైనరు, మైనరు మీద తూము. ‘నాలుగో తూముకు నీళ్లు రావట్లే’ అంటే లస్కరు ముందు అడిగేది ‘ఏ మైనరు కింద?’ అనే. నాలుగో తూము ప్రతి మైనరు కిందా ఉంటుంది మరి.

ఇదంతా టెస్టర్ల గోలే అయితే పేపర్లో రాయను. ఆ చెట్టు మా కోసం పుట్టలేదు. 1997లో మైక్రోసాఫ్ట్ యాక్టివ్ యాక్సెసిబిలిటీ పేరుతో దీన్ని తెచ్చింది చూపు లేనివాళ్లకు తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్లను దృష్టిలో పెట్టుకుని. విండోస్ విస్టా కాలంలో దాని స్థానంలోకి యూఐ ఆటోమేషన్ వచ్చింది. టెస్టర్లం ఆ దారిలో తర్వాత చేరినవాళ్లం.

మా చిన్నాన్న కొడుకు మిర్యాలగూడలో ఓ ఆఫీసులో క్లర్కు. పుట్టుకతోనే చూపు లేదు. వాడేది ఎన్‌వీడీఏ. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపు లేని కుర్రాడు మొదలుపెట్టిన ఉచిత స్క్రీన్ రీడర్ ఇది. ఈస్పీక్ అనే కంప్యూటర్ గొంతుతో తెలుగూ చదువుతుంది. ఉచ్చారణ కాస్త మొరటే, కానీ వేగం పెంచుకుని మావాడు వినే తీరు చూస్తే నాకు ఒక్క ముక్క అందదు.

వాడి కుడిచెయ్యి ఎప్పుడూ నంబర్ ప్యాడ్ మీదే. ఇన్సర్ట్ కీ నొక్కిపట్టి 8 కొడితే పేరెంట్ దగ్గరికి. 2 కొడితే మొదటి చైల్డ్ దగ్గరికి. 4, 6 కొడితే అటూ ఇటూ ఉన్న తోబుట్టువుల దగ్గరికి. 5 కొడితే ఇప్పుడెక్కడున్నాడో చెబుతుంది. ఎంటర్ కొడితే ఆ బటన్ నొక్కినట్టే. నేను కోడ్‌లో రాసుకునే పేరెంట్, చైల్డ్ వెతుకులాటనే వాడు ఐదారు కీలతో రోజంతా చేతివేళ్లతో చేస్తుంటాడు.

చెట్టు సరిగ్గా ఉంటే వాడికి నాకంటే వేగం ఎక్కువ. లేకపోతేనే బాధ. వాళ్లాఫీసు సాఫ్ట్‌వేర్‌లో టూల్‌బార్ మీదన్నీ బొమ్మల బటన్లే. ఫ్లాపీ బొమ్మ సేవ్, చెత్తబుట్ట బొమ్మ డిలీట్. చూసేవాళ్లకు తెలుస్తుంది. చెట్టులో మాత్రం ఏ బటన్‌కూ పేరు లేదు. “బటన్, బటన్, బటన్ అనుకుంట పోతది అన్నా, ఏం బటనో చెప్పదు” అన్నాడు. దాంతో లెక్కపెట్టుకుని గుర్తుపెట్టుకున్నాడు, మూడోది సేవ్ అని. కొత్త వెర్షన్ వచ్చింది. మధ్యలో ప్రింట్ బటన్ ఒకటి చేర్చారు. లెక్క తప్పింది. వాడు సేవ్ అనుకుని నొక్కితే ప్రింటర్ కాగితాలు కక్కింది. అదృష్టం బాగుండి చేర్చింది ప్రింట్, డిలీట్ కాదు.

మా టెస్టింగ్‌లోనూ అచ్చం ఇదే జరుగుతుంది. పేరూ ఐడీ లేని చోట ‘ఈ పేరెంట్ కింద మూడో చైల్డ్’ అని రాసుకుంటాం. కొత్త వెర్షన్ రాగానే స్క్రిప్టులు వరసపెట్టి కూలిపోతాయి. మా కంపెనీలో దానికి వెంటనే టికెట్ పడుతుంది, మేనేజర్ మీటింగ్ పెడతాడు. మావాడి విషయంలో ‘పాపం, కనబడదు కదా’ అనే సానుభూతి పడుతుంది, అంతే. జబ్బు ఒకటే.

ఇంకోటి పేరెంట్ గురించి. లోన్ ఫారంలో రెండు చోట్ల ‘పేరు’ గడి ఉంటుంది. అప్పు తీసుకునేవాడిదొకటి, జామీను ఉండేవాడిదొకటి. చుట్టూ గీసిన పెట్టెను బట్టి మనకు తేడా తెలుస్తుంది. ఆ పెట్టె నిజమైన గ్రూప్ బాక్స్ అయి ఉంటే చెట్టులోనూ అది పేరెంట్ అవుతుంది, దాని పేరు స్క్రీన్ రీడర్ పలుకుతుంది. డెవలపర్ తొందరలో నాలుగు గీతలు గీసేసి ఊరుకుంటే, రెండు గడులూ ఒకే తల్లి పిల్లలై పక్కపక్కన నిలబడతాయి. ‘పేరు, పేరు’ అని వినబడుతుంది. అప్పు ఎవరిదో జామీను ఎవరిదో వినేవాడు ఊహించుకోవాలి. పైసలతో ముడిపడ్డ చోట ఇది చిన్న సంగతి కాదు. అన్నిటికంటే ఘోరం రిమోట్ డెస్క్‌టాప్. మొత్తం సాఫ్ట్‌వేర్ ఎక్కడో సర్వర్లో నడుస్తూ, ఇక్కడికి బొమ్మ మాత్రమే వస్తుంది. స్క్రీన్ రీడర్ ఈ పక్క కంప్యూటర్లోనే ఉంటే దానికి లోపల చెట్టే కనబడదు.

‘ఒక్కరిద్దరి కోసం ఇంత ఖర్చా?’ అని అడిగే మేనేజర్లను చూశాను. 2011 జనాభా లెక్కల్లో దేశంలో చూపు సమస్య ఉన్నవాళ్లు 50 లక్షల పైమాటే. అయినా ఖర్చెంతని? విండోస్ సాఫ్ట్‌వేర్ రాయడానికి వాడే డబ్ల్యూపీఎఫ్‌లో బటన్‌కు పేరివ్వడానికి ఒక్క ప్రాపర్టీ రాస్తే చాలు. అలాంటిదే అయిన విన్‌ఫామ్స్‌లో లేబుల్‌ను ట్యాబ్ వరసలో గడికి సరిగ్గా ముందుంచితే చాలాసార్లు ఆ గడికి పేరు దానంతటదే వస్తుంది. మొదట్లో చేస్తే నిమిషాల పని. ఐదేళ్ల తర్వాత చేయమంటే మాత్రం ఖర్చే, ఒప్పుకుంటాను.

చట్టం లేకనా అంటే, ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అందులో 1 శాతం అంధులకు, చూపు మందగించినవాళ్లకు. భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2021లో డిజిటల్ యాక్సెసిబిలిటీకి ఐఎస్ 17802 ప్రమాణం తెచ్చింది, 2023లో కేంద్రం దాన్ని ఆ చట్టం రూల్స్‌లో చేర్చింది. దీనికి మూలమైన యూరప్ ప్రమాణం ఈఎన్ 301 549లో ఎలిమెంటుకూ దాని పేరెంట్, చైల్డ్‌లకూ మధ్య సంబంధం స్క్రీన్ రీడర్ లాంటి సాధనాలకు తెలిసేలా ఉండాలని విడిగా ఓ క్లాజే ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఇన్ని ఉన్నా, యాక్సెసిబిలిటీ అనగానే అందరూ వెబ్‌సైట్లే చూస్తారు. జనం చూసేది వెబ్‌సైట్ కాబట్టి. గుమాస్తా ముందుండే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ తెరిచి చూడరు. ఒక చేత్తో కోటాలో ఉద్యోగమిచ్చి, ఇంకో చేత్తో వాడలేని సాఫ్ట్‌వేర్ కొనిస్తున్నాం.

కాబట్టి నేనడిగేది కొత్త చట్టం కాదు, టెండరులో ఒక షరతు. సాఫ్ట్‌వేర్ అప్పగించే రోజు మానిటర్ ఆపేయండి, మౌస్ పీకేయండి. ఎన్‌వీడీఏ వేసి ఒక ఎంట్రీ మొదలుపెట్టి సేవ్ దాకా చేసి చూపమనండి. ఎక్కడైనా ‘బటన్’ అని మాత్రమే పలికితే రాసుకోండి. సందేహముంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఇన్‌స్పెక్ట్, యాక్సెసిబిలిటీ ఇన్‌సైట్స్ ఉచితంగానే దొరుకుతాయి, చెట్టు మొత్తం తెరిచి చూపిస్తాయి. ఆ జాబితా సరిచేసేదాకా చివరి బిల్లు ఆపండి. పరీక్షించేందుకు హైదరాబాద్ నుంచి కన్సల్టెంట్‌ను పిలిపించక్కర్లేదు. ఆ 1 శాతం కోటాలో వచ్చిన ఉద్యోగి ఆఫీసులోనే ఉన్నాడు కదా, అతన్నే కూర్చోబెట్టండి. సరిపోయిందనే కాగితం మీద సంతకం అతనిదే ఉండాలి.