శాలువా కప్పేముందు

ఉగాది వస్తుందంటే చాలు, ఊరూరా కవిసమ్మేళనాల కార్డులు అచ్చవుతాయి. జాబితాలో ఎక్కడో కింద ఒక సాయిబు పేరు. రెండోది కనపడితే ఆశ్చర్యమే. వేదికెక్కించాక పరిచయం ఏళ్ల తరబడి ఒకటే: 'ముస్లిం అయినా తెలుగులో ఎంత చక్కగా రాస్తారో!' ఆ 'అయినా' ఏమిటి? సంతలో బేరమాడిందీ, బళ్లో దెబ్బలు తిన్నదీ, పొలంలో కూలి అడిగిందీ మేం ఏ భాషలో అనుకున్నారు?

వెంటనే ఉమర్ అలీషాను సాక్ష్యానికి పిలుస్తారు. 1945లో కన్నుమూసిన పిఠాపురం కవి ఇప్పటికీ మీకు వింతగానే కనబడుతుంటే మీ కళ్లకే పొర కమ్మింది.

అవార్డుల సంగతి మరీ విచిత్రం. మతసామరస్యం మీద రాస్తే శాలువా. దూదేకుల ఇంటి ఆకలి రాస్తే, పేరు చెప్పగానే అద్దె ఇల్లు దొరకని సంగతి రాస్తే, 'ఇది సాహిత్యమా, నినాదమా' అని పెదవి విరుపు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' వచ్చాక కూడా అదే తూకం. తూచే చేతుల్లో మావి ఎన్ని?

ఇక తేదీలు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, ఈద్ 11న. 2025లో మార్చి 30న ఉగాది, మర్నాడే ఈద్. రెండుసార్లూ మా ఒక్కపొద్దుల రోజులే. ఉగాది మాకు పరాయిదని అనడంలేదు, ఆ పచ్చడి మేమూ తిన్నాం. మంత్రిగారి కోసం గంటన్నర ఆగే సభ, ఇఫ్తార్ కోసం పది నిమిషాలు ఆగలేదా?

వచ్చే ఉగాదికి కార్డు వేయించేముందు బహుమతుల కమిటీలో మాకూ రెండు కుర్చీలు వెయ్యండి. పరిచయంలోంచి ఆ 'అయినా' తీసెయ్యండి. శాలువా సంగతి తర్వాత చూద్దాం.