‘దొరికిన వస్తువులు’ ఎవరికి దొరికాయి?

పారేసిన వస్తువులతో కళ సృష్టించడం ఇరవయ్యో శతాబ్దపు గొప్ప ఆవిష్కరణ అంటారు కళాచరిత్రకారులు. 1912లో పికాసో తన చిత్రంపై ఆయిల్ క్లాత్ ముక్క అతికించాడు, కొలాజ్ పుట్టిందంటారు. అంతకు ఎన్ని తరాల ముందునుంచో మన స్త్రీలు చిరిగిన చీరలు పొరలుగా పరిచి బొంతలు కుడుతూనే ఉన్నారు. దాన్నెవరూ ఆవిష్కరణ అనలేదు. పొదుపన్నారు, ఇంటిపనన్నారు. 1970ల చివర్లో అమెరికన్ స్త్రీవాద కళాకారులు మిరియం షాపిరో, మెలిస్సా మేయర్ ఈ అన్యాయాన్నే ఎత్తిచూపి, స్త్రీల అతుకుల పనికి ‘ఫెమాజ్’ అని పేరు పెట్టారు.

పేరొస్తే సరిపోతుందా? అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ సంగతి చూడండి. బానిసల సంతతివారైన అక్కడి నల్లజాతి స్త్రీలు, పొలం పనిలో అరిగిపోయిన బట్టలు, పిండి సంచులు కత్తిరించి, చలికి కప్పుకోవడానికి దుప్పట్లు కుట్టుకున్నారు. 2002లో అవి న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలెక్కాయి. 2006లో తపాలా బిళ్ళలపైకీ ఎక్కాయి. 2007లో మాత్రం, కుట్టినవాళ్ళలో కొందరు తమకు రావలసిన డబ్బు రాలేదంటూ కోర్టుకెక్కవలసి వచ్చింది. మరుసటి ఏడాది ఆ కేసులు ముగిశాయి గానీ అవి లేపిన ప్రశ్న ముగియలేదు.

ఆ ప్రశ్న మన గ్యాలరీలదీ. చెత్తతో చేసిన ఇన్‌స్టలేషన్ పక్కన చీటీ చదవండి. కళాకారుడి పేరుంటుంది. వాడిన సామగ్రి: ‘దొరికిన వస్తువులు’. వస్తువులు వాటంతటవే దొరకవు. తెల్లవారకముందే గోనెసంచీ భుజాన వేసుకుని, వంగి, ఏరి, రకాలవారీగా విడదీసిన మనిషి ఒకరుంటారు. ఆ మనిషి చాలాసార్లు దళిత స్త్రీ. ఆమె సంచిలో ఉన్నంతసేపూ ఆ సీసా మైల. గ్యాలరీ చేరగానే పర్యావరణ స్పృహ! కులమూ పితృస్వామ్యమూ కలిసి చేసే రీసైక్లింగ్ ఇది.

కళాకారుడి పని దృష్టిని మళ్ళించడమే, కూలి లెక్కలు అతనివి కావు అని వాదించేవాళ్ళున్నారు. రంగులమ్మిన కొట్టుకు డబ్బు చెల్లిస్తారు కదా, చెత్త ఏరిన చేతులకెందుకు చెల్లించరు? 1969లో చంటిబిడ్డ తల్లి మియెర్లే లాడర్‌మన్ యూకెలెస్, ఊడ్చడం, కడగడం, పిల్లల్ని సాకడం కూడా కళేనని ప్రకటించింది. 1979-80లో న్యూయార్క్‌లోని 8,500 మంది పారిశుద్ధ్య కార్మికులతో కరచాలనం చేసి కృతజ్ఞతలు చెప్పింది. చెత్తను కాక చెత్త ఎత్తే మనిషిని కళకు కేంద్రం చేయడం గొప్ప విషయమే. అయితే వాళ్ళు జీతమున్న మునిసిపల్ ఉద్యోగులు. మన చెత్త ఏరే స్త్రీలకు కృతజ్ఞతకంటే ముందు కూలి కావాలి.

ఆ సంగతి వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1993లో పుణెలో ‘కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్’గా సంఘటితమై, తాము కార్మికులమేనని గుర్తింపు కార్డులు సాధించుకున్నారు. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు చెత్త ఏరేవాళ్ళను ప్రస్తావించక తప్పలేదు.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టమే. ‘దొరికిన వస్తువులు’ అన్నచోట ఏరినవాళ్ళ, కుట్టినవాళ్ళ పేర్లు రాయాలి. వాళ్ళు పేరు వద్దంటే వాళ్ళ సంఘం పేరు రాయాలి. ముందే కుదుర్చుకున్న కూలి ఇవ్వాలి. అమ్మకంలో, మళ్ళీ అమ్మినప్పుడూ వాటా ఇవ్వాలి. ఇది గ్యాలరీల నుంచే కాదు, మన నుంచే మొదలుకావాలి. మన సెమినార్లలో పంచే అతుకుల సంచులపై సంస్థ పేరుంటుంది, నిధులిచ్చినవారి పేరుంటుంది. కుట్టినామె పేరెక్కడ?