ఒంటెను కట్టని తవక్కుల్



మన ఇళ్లలో రోడ్డు ప్రమాదాల మీద మూడే మూడు ఖిస్సాలు ఉన్నాయి. పోయినవాళ్లది కిస్మత్. బతికినవాళ్లది కరామత్. చివరి నిమిషంలో ప్రయాణం మానుకున్నవాళ్లది ‘ఎందుకో దిల్ ఒప్పుకోలేదు’. జనాజా లేచిన దగ్గర్నుంచి చాలీస్వా దాకా ఈ మూడే తిరుగుతుంటాయి. డ్రైవర్ ముందు రోజు ఎన్ని గంటలు పడుకున్నాడో వీటిలో ఉండదు. బండిలో ఎన్ని సీట్లున్నాయి, ఎంతమంది ఎక్కారు అన్నది ఉండదు. హెల్మెట్ తల మీద ఉండిందా, పెట్రోలు ట్యాంకు మీద ఉండిందా అన్నది ఉండదు. నలభై రోజులు ఏడ్చి, మళ్లీ అదే రాత్రి ప్రయాణం, అదే నిద్ర మొహం డ్రైవర్‌తో ఇంకో షాదీకి బయల్దేరుతాం.

ఇవి తసల్లీ కోసం చెప్పుకునే మాటలు, వాటి జోలికి పోవద్దు అంటారు పెద్దలు. నేను పోతాను. ఎందుకంటే ఈ ఖిస్సాలు వింటూ పెరిగిన పిల్లోడికి ప్రమాదం అంటే పైనుంచి వచ్చి పడేది అని తప్ప వేరే ఏమీ తెలియదు. వాడి చేతికే రేపు మనం బండి తాళాలు ఇస్తాం.

2021 ఫిబ్రవరి 14 గుర్తు చేసుకోండి. మదనపల్లె నుంచి అజ్మీర్ జియారత్‌కు బయల్దేరిన టెంపో, కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలం మాదార్‌పురం దగ్గర 44వ నంబరు హైవే మీద డివైడర్ దాటి అవతలి వైపు లారీని గుద్దింది. ఇంకా తెల్లవారలేదు. బండిలో ఉన్న 18 మందిలో 14 మంది అక్కడే పోయారు. నలుగురు పిల్లలు మిగిలారు. అల్లాహ్ ఆ 14 మందికీ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక.

డ్రైవర్‌కు కునుకు పట్టి ఉండొచ్చని అప్పుడే అనుమానించారు. కానీ మన మొహల్లాల్లో ఆ మాట ఎంత దూరం నడిచింది? జియారత్‌కు పోతూ పోయారు, ఎంత మంచి నసీబ్ అన్నాం. పిల్లలు బతికారు, ఎంత పెద్ద మోజిజా అన్నాం. అల్లాహ్ కాపాడాడన్నది నిజమే. అయితే ఆ పిల్లలు పెద్దయ్యాక అడగబోయేది మోజిజా గురించి కాదు. మావాళ్లు ఎట్లా పోయారు, ఎవరైనా ఆపగలిగి ఉండేవాళ్లా అని అడుగుతారు. ఆ సవాల్‌కు జవాబు మన ఖిస్సాల్లో లేదు.

మా పత్రికల భాష కూడా తక్కువేం తినలేదు. ‘మృత్యువు కాటేసింది’, ‘విధి వక్రించింది’, ‘నెత్తురోడిన రహదారి’. రోడ్డు నెత్తురోడదు, విధి స్టీరింగ్ పట్టుకోదు. ఇంట్లో తఖ్దీర్, పేపర్లో విధి. భాషలు రెండైనా పని ఒకటే. మనిషి చేసినదాన్ని మనిషి పేరు లేకుండా చెప్పడం.

ఇక 2025 అక్టోబర్ 24. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు, కర్నూలు పక్కనే చిన్నటేకూరు దగ్గర తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు లోపలే పోయారు. పొద్దున మనందరి ఫోన్లలోకి వచ్చిన ఖిస్సా ఏమిటి? బస్సు బైకును గుద్దింది, మంటలు వచ్చాయి. మంటల వీడియో చూశాం, ‘తౌబా తౌబా’ అన్నాం, ఇంకో పదిమందికి పంపాం.

తర్వాత పోలీసుల దర్యాప్తులో తేలింది వేరు. బైకు అంతకుముందే డివైడర్‌కు కొట్టుకుని పడిపోయింది. నడుపుతున్నవాడు తాగి ఉన్నాడు, అక్కడే చనిపోయాడు. వెనక కూర్చున్నవాడు శవాన్ని పక్కకు లాగాడు. నడి రోడ్డు మీద ఉన్న బండిని తీసేలోపే బస్సు వచ్చి, దాన్ని కింద ఇరికించుకుని ఈడ్చుకెళ్లింది. ఆ రాపిడితో నిప్పు పుట్టింది. బతికినవాళ్లలో చాలామంది కిటికీ అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్లే.

ఈ రెండు ఖిస్సాల మధ్య తేడా చూడండి. మొదటిదాంట్లో నేర్చుకునేది ఏమీ లేదు. రెండోదాంట్లో ప్రతి మాటా ఒక సబఖ్. తాగి బండి నడపడం ఒకటి. నడి రోడ్డు మీద అడ్డం ఒకటి. అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో తెలియని బస్సు ఇంకొకటి. ఇదే హైవే మీద 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది పోయారు. పన్నెండేళ్ల తర్వాత కూడా బస్సెక్కి ఆ సుత్తి కోసం వెతికేవాళ్లు మనలో ఎంతమంది?

మన ఇల్మ్‌లో ఖిస్సా చెప్పడానికి కాయిదా ఉంది. ఒక హదీస్ చెప్పాలంటే ఎవరు విన్నారు, ఎవరి నుంచి విన్నారు అని ఇస్నాద్ మొత్తం చెప్పాలి. మధ్యలో ఒక్కరి మీద భరోసా లేకపోయినా ఉలమా దాన్ని పక్కన పెట్టారు. వార్త వస్తే తహ్‌ఖీఖ్ చేసుకోమని సూరా హుజురాత్ హుకుం. అట్లాంటి ఉమ్మత్ ఇవాళ ఊరూపేరూ లేని వీడియోను ఇన్నాలిల్లాహితో కలిపి ఫార్వర్డ్ చేస్తోంది.

తఖ్దీర్ మీద ఈమాన్ లేదా అని నన్ను అడిగేవాళ్లు ఉంటారు. ఉంది. అందుకే అడుగుతున్నా. ఒంటెను కట్టి తవక్కుల్ చేయాలా, వదిలేసి తవక్కుల్ చేయాలా అని ఒకాయన అడిగితే, ముందు కట్టు, తర్వాత తవక్కుల్ చెయ్యి అన్న అర్థంలో రసూలుల్లాహ్ (స) జవాబిచ్చిన సంగతి తిర్మిజీలో ఉంది. షామ్‌లో తావూన్ ఉందని తెలిసి హజ్రత్ ఉమర్ (ర) దారిలోనే వెనక్కి తిరిగారు. అల్లాహ్ తఖ్దీర్ నుంచి పారిపోతున్నారా అని అడిగితే, ఆయన ఒక తఖ్దీర్ నుంచి ఆయనదే ఇంకో తఖ్దీర్ వైపు పోతున్నానన్నారు. దారిలో నుంచి ముల్లో రాయో తీసేయడం కూడా ఈమాన్‌లో ఒక భాగమని చిన్నప్పుడు మౌల్వీ సాబ్ దగ్గర నేర్చుకున్నాం. చిన్నటేకూరులో నడి రోడ్డు మీద పడి ఉన్న బండిని తలచుకుంటే ఆ పాఠం బరువు తెలుస్తుంది.

‘పేదోళ్లం, పగలు పోతే ఒకరోజు కూలీ పోతుంది’ అనేది నిజమైన మాట. దాన్ని తీసిపారేయను. ‘ముందు సర్కారును అడుగు’ అనేది కూడా న్యాయమే. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం 1961 నుంచి 2025 దాకా ఉండేది. డ్రైవర్‌కు రోజుకు 8 గంటల పని, 5 గంటలకోసారి కనీసం అరగంట విరామం అని అందులో రాసి ఉండేది. అది ఏనాడైనా అమలైందా అని అడగాల్సిందే. కానీ అడిగేదెవరు? ‘అల్లాహ్ కీ మర్జీ’ అని మనమే కేసు మూసేశాక, బస్సు ఓనరుకూ ఆఫీసరుకూ మనకన్నా మంచి వకీలు ఎక్కడ దొరుకుతాడు? తఖ్దీర్ మీద ఎఫ్ఐఆర్ రాయలేరు. అందుకే జిమ్మేదార్‌లకు మన తఖ్దీర్ మాట అంత ఇష్టం.

మన చేతిలో ఉన్న పనులు చూద్దాం. షాదీకి వంద మంది మెహమాన్‌లకు పరుపులు వేయిస్తాం. వాళ్లను తెచ్చిన డ్రైవర్ సీట్లోనే దోమల మధ్య కూర్చుని ఉంటాడు. వలీమా దస్తర్‌ఖాన్ ఎత్తగానే ‘పద భాయ్, పొద్దునకల్లా కడపలో ఉండాల’ అంటాం. మొదటి మంచం ఆయనకు వేయండి. ఫజర్ చదివి బయల్దేరండి. రాత్రి రెండు నుంచి ఐదు దాకా మనిషి ఒళ్లు నిద్ర అడుగుతుంది, హాజీ సాబ్ అయినా అంతే.

దూల్హాకు బండి పెడతారు, హెల్మెట్ పెట్టరు. బండి అడగడమే తప్పు, అది వేరే మాట. ఇచ్చేవాళ్లు దాంతోపాటు రెండు హెల్మెట్లు కూడా ఇవ్వండి. వెనక కూర్చునే బేటీకీ తల ఉంది. బుర్ఖా, దుపట్టా కొంగులు చక్రంలో పడకుండా సారీ గార్డ్ బిగించండి. కడప పెద్ద దర్గా ఉర్సుకు ఆటోలో పన్నెండుమందిని ఎక్కించి, ముందు సీట్లో డ్రైవర్‌కు రెండు వైపులా పిల్లల్ని కూర్చోబెట్టి ‘అల్లాహ్ మాలిక్’ అనకండి. పిల్లలు అమానత్. అమానత్‌ను అట్లా మోయరు.

దెబ్బ తగిలినవాళ్లను ఆస్పత్రికి చేర్చడానికి భయపడకండి. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు పడకుండా మోటారు వాహనాల చట్టంలో 2019లో 134ఎ సెక్షన్ చేర్చారు. ఇది పోలీస్ స్టేషన్ గోడ మీద కన్నా మసీదు బోర్డు మీద ఉంటే మనవాళ్లకు ఎక్కువ అందుతుంది. ఖతీబ్ సాబ్‌లకు కూడా ఒక అర్జీ. నెలకో జుమా బయాన్‌లో పది నిమిషాలు రోడ్డు గురించి చెప్పండి. వినేవాళ్లలో సగం మంది బయట బండి పెట్టి వచ్చినవాళ్లే.

ఖిస్సాలు మానుకోమని అనడం లేదు, పూర్తిగా చెప్పమంటున్నా. పుర్సాకు పోయిన చోట ఆ ఇంటివాళ్లను గుచ్చి గుచ్చి అడగకండి, అది జుల్మ్. వాళ్ల దగ్గర సబర్, దువా చాలు. మన ఇంటికి వచ్చాక పిల్లలకు చెప్పేటప్పుడు మాత్రం ఎన్ని గంటలకు, ఎవరు నడిపారు, ఎంతసేపు నిద్రపోయారు, ఎవరు బెల్టు పెట్టుకున్నారు అన్నీ చెప్పండి. ఆఖర్న తఖ్దీర్ అనండి. అప్పుడు అనే హక్కు ఉంటుంది.